కాళింది నుంచి సుజాత దాకా: భానుమతిగారి తొలి అడుగులు

ఖతార్‌లో మన ఉగాది వేదిక మీద పాడే పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. పదో తరగతికి వచ్చేసరికి వారిలో చాలామంది కనబడరు. "చదువు ముఖ్యం కదండీ" అంటాం. వృత్తిరీత్యా ఇంజనీరును, ఇద్దరు కూతుళ్ళ తండ్రిని. అందుకే ఈ సంచికలో ఒక తండ్రీకూతుళ్ళ చరిత్రను మీ ముందుంచుతున్నాను.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి భానుమతి జన్మించారు. ఆయన సంగీతప్రియులు. కూతురికి తొలి గురువూ ఆయనే. సంసారుల ఇంటి ఆడపిల్ల తెరకెక్కితే నలుగురూ నవ్వే రోజులవి.

1939లో సి. పుల్లయ్యగారు 'వరవిక్రయం' చిత్రంలో కాళింది పాత్రను ఆమెకిచ్చారు. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం దానికి మూలం. తండ్రి కట్నం పోసి తనకు మొగుణ్ణి కొనడం సహించలేక కాళింది ప్రాణం తీసుకొంటుంది. వరకట్న నిషేధ చట్టం 1961లో గాని రాలేదు. అంతకు ఇరవై రెండేళ్ళ ముందే, పద్నాలుగేళ్ళయినా నిండని పిల్ల ఆ బాధను తెర మీద పలికించింది! అయితే కథానాయకుడు తన కూతుర్ని తాకే సన్నివేశాలు ఉండరాదని తండ్రిగారు షరతు పెట్టారు.

'కృష్ణప్రేమ' నాటికి పరిచయమైన సహాయ దర్శకుడు రామకృష్ణగారిని 1943లో వివాహమాడి, ఆమె సినిమాలు మాని సంసారంలో స్థిరపడాలనుకొన్నారు. అప్పుడు బి.ఎన్. రెడ్డిగారు 'స్వర్గసీమ'లో సుజాత పాత్రకు అడిగారు. భర్త కాదనలేదు. వీధుల్లో ఆడిపాడే పిల్ల నాటకాల తారగా ఎదిగి, ఒక గృహస్థు కాపురంలో చిచ్చుపెట్టే పాత్ర అది. కాళిందికి పూర్తిగా భిన్నం. 1945లో చిత్రం విడుదలయ్యాక పావురం పాట ఊరూరా మోగింది, భానుమతి పేరు నిలిచిపోయింది. 1953లో 'చండీరాణి'ని ఆమే తెలుగు, తమిళ, హిందీ భాషల్లో దర్శకత్వం వహించి తీశారు.

వెంకటసుబ్బయ్యగారు కూతురికి రెండు ఇచ్చారు: సంగీతం, చుట్టూ ఒక కంచె. పసితనంలో కంచె అవసరమే కావచ్చు. కానీ ఏ పాత్ర వెయ్యాలో తేల్చుకొనే వయసు వచ్చాక దాని పని తీరిపోయింది. సంగీతం మాత్రం 2005లో కన్నుమూసేదాకా ఆమె వెంటే ఉంది. మన పిల్లలకు ఏది ఇస్తున్నాం, ఎంతకాలం ఇస్తున్నాం అని తల్లిదండ్రులమంతా ఒక్కసారి ఆలోచిద్దాం.