నస్కల్ పన్ను పుట్టుపూర్వోత్తరాలు

ఖైరతాబాద్ దగ్గర నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలంతా కోటసారస్ చుట్టూ మూగుతారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన ఆ డైనోసార్ ఎముకలు మూగవలసినంత గొప్పవే. అయినా నన్ను ఎక్కువగా లాగేది నగరానికి పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరాన, పరిగి దగ్గరి నస్కల్‌లో దొరికిన చిట్టి పళ్ల కథ.

నస్కల్ శిలాజాలున్న మట్టి పొర లావా పొరల నడుమ చిక్కుకుంది. ఆ మట్టిని ఎండబెట్టి, నానబెట్టి, సన్నని జల్లెళ్లలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరాలి. అంత ఓపికకు ఫలితంగా గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో డెక్కనోలెస్టిస్‌ను ప్రకటించారు. మన దేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు.

1989లో అక్కడే మరో పన్ను బయటపడింది. పొడవు సెంటీమీటరైనా లేదు. కొద్దిగా వంపు, పక్కన సిమెంటం అనే పంటి పదార్థంతో నిండిన గాడి, నమిలే తలం మీద వి ఆకారపు ఎనామిల్ గీత. అది గోండ్వానాథీర్ అనే క్షీరదాల గుంపుకు చెందిన పన్నని గుర్తించేసరికి 1997 వచ్చింది. ఆ గుంపు బంధువులు అర్జెంటీనాలో, మడగాస్కర్‌లో ఉన్నాయి. అందుకే 2007లో దానికి అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు హోసే బొనపార్టె పేరు కలిపి భారత్‌థీరియం బోనపార్టీ అన్నారు.

ఎద్దు వయసు పళ్లు చూసి చెబుతాం. శిలాజాల దగ్గర పన్ను చెప్పేది వంశం. కాలం చెప్పాల్సింది రాయి. లావాలోని పొటాషియం ఆర్గాన్‌గా మారిన లెక్క, మట్టిలోని పుప్పొడి కలిసి నస్కల్‌ను క్రెటేషియస్ చివరికి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల వెనక్కు చేర్చాయి.

అదే 2007లో మధ్యప్రదేశ్‌లోని కిసల్‌పురిలో దొరికిన ఒకే ఒక్క కింది దవడ పన్నుతో, గిట్టల జంతువుల తొలి చుట్టంగా ఖర్మేరుంగులేటమ్‌ను ప్రసాద్ బృందం ప్రకటించింది. ఒక్క పన్ను మీద అంత పెద్ద వంశాన్ని నిలపడం సాహసమే. ఇలాంటి చిక్కు దక్షిణ అమెరికాలోనూ ఉండేది. అక్కడి నుంచి డార్విన్ తెచ్చిన ఒక గిట్టల జంతువు పుర్రెకు 1837లో శాస్త్రజ్ఞుడు ఓవెన్ టాక్సొడాన్ అని పేరు పెట్టాడు; అది ఏ వంశమన్నది 2015 దాకా తేలలేదు. ఎముకల్లో మిగిలిన కొల్లాజెన్‌ను చదివితే గుర్రం, ఖడ్గమృగాల వంశానికి దగ్గరిదని తెలిసింది. కోట్ల ఏళ్ల నాటి మన పళ్లలో అలా చదవగలిగే కొల్లాజెన్‌ను ఆశించలేం. కాబట్టి జల్లెడే దిక్కు: పై దవడ పళ్లు, వీలైతే దవడ ఎముకే దొరకాలి.