కపిలేశ్వరపురంలో ఒంటి బాతు

సార్వా కోతలు అయిపోయాయి. కపిలేశ్వరపురంలో గౌతమి గట్టు దిగి కొబ్బరితోట దారి పట్టారు మీరు. తడిక మీద చెయ్యి వేశారో లేదో, లోపలినుంచి చెవులు గింగురుమనే కేక. తెల్లటి పెద్ద బాతు మెడ నేలబారుగా చాచి, బుసకొడుతూ మీ మీదికే వస్తోంది. గుడ్ల కోసం పెంచే మామూలు బాతు కాదిది. ముక్కు మొదట్లో నారింజ రంగు బుడిపె, ముక్కు అంచున రంపంలా గరుకు.

"ఏం చెయ్యదండి, రండి," అంటుంది ఇంటావిడ అరుగు మీదినుంచి. నమ్మకండి, రెండడుగులు వెనక్కి వెయ్యండి.

ఇప్పుడు దాన్ని చూడండి. మిమ్మల్ని తరిమిన బాతు గిరుక్కున తిరిగి, అరుచుకుంటూ ఆవిడ దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ పాదాల పక్కన మెడ చాచి గోలగోలగా ఏదో చెబుతోంది. "చూశారా, ఎంత విశ్వాసమో!" ఆవిడ బియ్యం చెరుగుతూనే ఉంది.

జంతువుల నడవడి మీద పరిశోధనకు 1973లో నోబెల్ పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్‌రాడ్ లోరెంజ్, బూడిదరంగు పెద్దబాతుల్లో ఈ తంతునే వర్ణించాడు. పరాయిదాన్ని తరిమిన మగబాతు జంట దగ్గరికొచ్చి మెడ చాచి అరుస్తుంది. జంట కూడా మెడ కలిపి అరుస్తుంది. ఆ జంట అరుపులే వాటి బంధం. ఇక్కడ జవాబుగా వినబడేది చేట చప్పుడే.

"రెండు పిల్లల్ని తెచ్చామండి. ఒకదాన్ని ముంగిస పట్టుకుపోయింది. దీన్ని వంటింట్లో గంప కింద పెట్టి సాకాను." పసితనంలో ఎవరి వెంట తిరిగితే వాళ్లే తనవాళ్లు ఈ జాతికి. లోరెంజ్ వెనకా పిల్లలు అలాగే నడిచాయి.

బోదె అవతల కోసిన చేలో బాతుల మంద దిగింది. వందల బాతులు రాలిన గింజలు ఏరుకుంటున్నాయి. కాపరి కర్ర ఊపితే అన్నీ ఒక్కసారే మళ్లుతున్నాయి. మన బాతు బోదె ఈది వాటి దగ్గరికి పోయింది. మెడ చాచి పలకరించింది. అవి పక్కకు తప్పుకుని, మళ్లీ బురదలో ముక్కులు పెట్టాయి. ఇది గట్టెక్కి గరిక కొసలు తుంపుతోంది. రెండు కొరుకులు, తల ఎత్తి చూపు. మళ్లీ రెండు కొరుకులు, మళ్లీ చూపు. తనవాళ్ల మందలో అయితే ఒకటి కాపు కాస్తుంటే మిగతావి నింపాదిగా మేస్తాయి. ఒంటిదానికి రెండు పనులూ తనవే. మనం మెచ్చుకునే కాపలా చాలావరకు ఇదే.

బతకడానికేం, గడ్డీ నీళ్లూ దొరికితే ఇరవై ఏళ్లయినా బతుకుతుంది. రోజంతా మనిషి తోడుంటే లోటు కొంత తీరుతుంది కూడా. మరి మనిషి లేని రోజు? "మొన్న అమలాపురం పెళ్లికెళ్లానండి. సాయంత్రం దాకా మేత ముట్టలేదంట."

ఇలాంటిదే ఇంకోటి తెచ్చి, కొన్నాళ్లు మధ్యన తడిక అడ్డుపెట్టి అలవాటు చెయ్యమని చెప్పారు మీరు.

"అప్పుడిక నా వెంట తిరగదేమోనండి."

"అంతగా తిరగదండి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. కాసేపు బాతు వంక చూసి అడిగింది: "ఆయ్, ఇంతకీ ఇది మగదాండి, ఆడదా? ఏది తెమ్మంటారు?"