కుండీలో రెండున్నర శతాబ్దాలు

కుండీ ఎప్పుడు మార్చాలని అడిగినవాళ్లకు నేను లండన్ క్యూ గార్డెన్స్‌లోని సైకాడ్ సంగతి చెబుతాను. చూడటానికి ఈతచెట్టులా ఉంటుంది. ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికాలో సేకరించిన ఆ మొక్క 1775లో ఓడెక్కి క్యూకు చేరింది. 1819లో అది కోన్ వేస్తే చూడటానికి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ స్వయంగా వచ్చాడు, మరుసటి ఏడే పోయాడు. 1848లో దాన్ని పామ్ హౌస్‌కు మార్చారు. టన్ను దాటిన ఆ మానుకు 2009లో కొత్త చెక్కపెట్టె కట్టారు.

సైకాడ్‌ది నిదానపు పెరుగుదల, అందుకే అన్నాళ్లు ఓర్చుకుంది. మన కరివేపాకు అలా ఓర్చుకోదు. నేనైతే కుండీని వంచి మొక్కను మట్టితో సహా బయటికి జారుస్తాను. మట్టి కనబడకుండా తెల్లవేళ్లు చుట్టుకుపోయి ఉంటే వెంటనే మార్చేస్తాను. మీరూ ఓసారి మీ కుండీల అడుగు చూడండి.