పావలాలో తప్పిన పైస

పావలా నాణెము 2011 జూన్ 30తో చెలామణినుండి తొలగినది. మాట మాత్రము మన నోట నింకను నిలిచియున్నది. ఆ పావలాను విడదీసి చిల్లర లెక్కించుట మన పిల్లలు నేర్చిన విధమును, మధ్య వచ్చిన యొక చిక్కును నేడు విన్నవింతును.

పూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు. ఇవి వీధిబడిలో వల్లించెడి భిన్నములే. రూపాయిలో పాతిక పావలా, పరక బేడ, వీసము అణా. 64వ పాలునకు భిన్నములలోను కాని యనియే పేరు. భిన్నములు వచ్చిన బాలునకు నాణెములను వేఱుగ నేర్పనక్కఱ లేకుండెను.

5 అణాల 1 కాని వెలగల సరకునకు రూపాయి యిచ్చితి మనుకొందము. పలకపై తీసివేయువాడు రూపాయిని అణాలుగను, అణాను కానులుగను విడగొట్టవలెను. అంగడివాడు తీసివేయడు. వెలనుండి పైకి కూడును: మూడు కానులు పెట్టి "ఆఱణాలు", బేడ పెట్టి "అర్ధరూపాయి", అర్ధరూపాయి పెట్టి "రూపాయి" యనును. చేత బడినది 10 అణాల 3 కానులు. పలక లెక్కకంటె నిదియే మేలని నా యభిప్రాయము. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కమారే సరిచూచుకొందురు.

1955లో నాణెముల చట్టమును సవరించిరి. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయా పైసలైనవి. కొన్ని యేండ్లు పాత నాణెములును గ్రొత్తవియు కలిసి నడచెను. అణాకు ఆఱుంబాతిక పైసలు. పాతిక పైసకు నాణె మెక్కడిది? అరకు మించిన భిన్నమును ఒకటిగా గొని, అరయు నంతకు తక్కువయు విడువవలెనని విధించిరి. అందుచే అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 వచ్చినవి.

నేను బడిలో పిల్లలకు తఱచు పెట్టుచు వచ్చిన లెక్క యిదియే. బాలుడు పావలా యిచ్చి బేడ సరకు కొనెను. సరకునకు 12 పైసలు. మిగిలినదియు బేడయే గదా యని అంగడివాడు 12 పైసలే యిచ్చెను. రెండును గూడిన 24. తక్కిన పైస యేమైనది? పాత బేడ నాణెమునే తిరిగి యిచ్చియుండిన పాతలెక్క సరిపోవును. క్రొత్త పైసలలో నిచ్చినచో 13 రావలెను. ఆ యొక్కటి అంగడిలో నిలిచినది. ఎదురు కిటుకును గలదు. నాలుగు మారులు అణా చొప్పున కొన్నవాడు 24 పైసలే చెల్లించును. అపుడు పైస వానికే మిగులును. ఈ రెండవది పిల్లలకు మిక్కిలి యిష్టము!

1964 జూన్ 1 నుండి "నయా" యను మాట పోయి, ఉత్త పైస మిగిలినది. నేడు చరవాణితో సరిగా వెలయే చెల్లింతురు గనుక చిల్లర చేత బడుటయే యరుదు. మీ మనుమనికి 50 రూపాయల నోటిచ్చి 37 రూపాయల సరకునకు పంపుడు. వాడు తిరిగివచ్చి "మూడు, నలువది, పది, యేబది" యని చిల్లర మీ చేత లెక్కపెట్టునేమో చూడుడు.