ముప్ఫై అయిదు డాలర్ల పలక

2011లో విజయదశమి అక్టోబరు 6న వచ్చింది. ఆ రోజు మా అన్నయ్య కూతురికి అక్షరాభ్యాసం. పళ్ళెంలో బియ్యం పోసి, పక్కన కొత్త పలక, బలపాల పెట్టె పెట్టి, పంతులుగారి కోసం ఎదురుచూస్తున్నాం. నేను టీవీ ముందు, మా నాన్న పేపరు ముందు. టీవీలో స్టీవ్ జాబ్స్ చనిపోయాడని చెప్తున్నారు. పేపర్లో ఆకాశ్ వార్త. ముందురోజే ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ‘ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్లెట్’ విడుదల చేశాడు.

మా నాన్న మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఎలిమెంటరీ స్కూలు టీచరు. పలకల రాతికి పేరుపడ్డ ప్రాంతం అది. వార్త మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, “ఏరా, దీంట్లో అఆలు దిద్దొచ్చంటరా?” అని అడిగాడు. “అది దానికి కాదు నాన్నా. కాలేజీ పిల్లలకి. నెట్టు చూసుకోడానికి,” అన్నాను కాస్త విసుగ్గానే. ఆయన “ఊఁ” అని పేపరు మడిచాడు. ఇంతలో పంతులుగారు వచ్చారు.

ఆకాశ్ కథ ఇప్పుడు పాతబడింది. కాలేజీ చదువుతున్న పిల్లలకి ఆ పేరే తెలియదు. అయినా ఆ వస్తువు గురించి కాకుండా, అది వచ్చిన కొత్తల్లో మనం దాని గురించి ఏమేం మాట్లాడుకున్నామో ఒకసారి గుర్తు చేసుకోవాలనిపిస్తుంది. ఆ మాటల్లో నావీ ఉన్నాయి. వాటిలో చాలా వాటికి ఇప్పుడు సిగ్గుపడతాను.

ముందు ఆ వస్తువేమిటో చెప్పుకుందాం. ఏడు అంగుళాల తెర. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, వైఫై, రెండు యూఎస్‌బీ రంధ్రాలు, ఆండ్రాయిడ్ 2.2. ఐఐటీ రాజస్థాన్ పర్యవేక్షణలో డేటావిండ్ అనే కంపెనీ సరఫరా చేసింది. బిగింపు జరిగింది మన హైదరాబాదులో. ప్రభుత్వం కొన్న ధర సుమారు 2,276 రూపాయలు, అంటే యాభై డాలర్ల లోపు. సగం సబ్సిడీ పోను విద్యార్థికి పదకొండు వందల చిల్లర పడుతుందన్నారు. బజారులో అమ్మే రకానికి ఆ కంపెనీ పెట్టిన పేరు యూబీస్లేట్. స్లేట్ అంటే పలకేగా! ట్యాబ్లెట్ అంటే బీపీ బిళ్ళ అని మాత్రమే తెలిసిన మా అమ్మకి అది ‘కరెంటు పలక’ అని చెప్తే వెంటనే అర్థమైంది.

ఆ వారం రోజులూ విన్నవీ చదివినవీ గుర్తు తెచ్చుకుంటే స్పందనలు మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది గర్వం. ఐప్యాడ్ మన దేశంలో ముప్ఫై వేలకు అటూయిటూగా ఉన్న రోజులవి. సరిగ్గా వారం కిందటే అమెజాన్ 199 డాలర్లకు కిండిల్ ఫైర్ ప్రకటిస్తే, ఇంత చవకా అని అమెరికావాళ్ళే ఆశ్చర్యపోయారు. అందులో నాలుగో వంతుకే మనవాళ్ళు ఇస్తున్నారంటే గర్వం ఉండదా మరి?

రెండోది వెటకారం. ఆ ప్రాసెసర్‌తో వీడియో కదుల్తుందా, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, తెర నొక్కితే పలుకుతుందా అని. నేను ఈ గుంపులోవాణ్ణే. చేతిలోకి తీసుకుని చూడకుండానే, పేపర్లో వేసిన అంకెలు పట్టుకుని, ఐప్యాడ్ పక్కన పెట్టి ఒక పట్టిక తయారుచేసి స్నేహితులకు మెయిలు పంపాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

మూడోది పెద్దమనిషి తరహా అభ్యంతరం. బళ్ళలో నల్లబల్లలు లేవు, మరుగుదొడ్లు లేవు, టీచర్లు లేరు, కరెంటుండదు, ముందు అవి చూడండి అని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ ఈ మాట అన్న మాలో చాలామందిమి మా పిల్లలకి కంప్యూటరు కొనేముందు ఊళ్ళో బడి మరుగుదొడ్డి సంగతి ఆలోచించలేదు.

ఈ మూడు రకాల స్పందనలకూ ఉమ్మడిగా ఉన్నది ధర. మెచ్చినవాళ్ళు ధర చూసి మెచ్చారు. నవ్వినవాళ్ళు ఆ ధరకి ఇంతకంటే ఏమొస్తుందని నవ్వారు. ఒక చదువుకునే వస్తువు గురించి మాట్లాడుతూ అందరం ఒక అంకె చుట్టూనే ఎందుకు తిరిగాం? దానికి కొంత వెనకటి కథ ఉంది.

2005 జనవరిలో దావోస్‌లో నికొలస్ నెగ్రొపాంటీ వంద డాలర్ల ల్యాప్‌టాప్ గురించి చెప్పాడు. ‘ప్రతి పిల్లకీ ఒక ల్యాప్‌టాప్’ అన్నది ఆయన సంస్థ పేరూ నినాదమూ కూడా. అదే ఏడాది నవంబరులో ట్యునీసియాలో కోఫీ అన్నన్ పక్కన నిలబడి, పక్కన తిప్పుడు పిడి ఉన్న ఆకుపచ్చ నమూనా చూపించాడు. 2006లో మన మానవ వనరుల శాఖ మాకొద్దంది. చదువు చెప్పే పద్ధతిగా దాని మీద నమ్మకం లేదనీ, ఆ డబ్బు ఇంకా అవసరమైన వాటికి ఖర్చు పెట్టొచ్చనీ వాళ్ళ వాదన. అది ఆలోచించదగ్గ వాదనే. ఆ ల్యాప్‌టాప్ 2007 చివర్లో తయారై బయటికొచ్చేసరికి ధర వంద కాదు, 188 డాలర్ల దాకా అయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వద్దన్నవాళ్ళం మేమూ చేసి చూపిస్తాం అనేసరికి, పోటీ పాఠాల మీద కాకుండా ధర మీదికి మళ్ళింది. వాళ్ళది వంద అయితే మనది పది! 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో, విద్యకు సాంకేతిక మాధ్యమాల జాతీయ మిషన్ ప్రారంభ సభలో, అర్జున్ సింగ్ చేతుల మీదుగా ఆ ‘పది డాలర్ల ల్యాప్‌టాప్’ బయటపడింది. పది అంగుళాల పొడుగు, అయిదంగుళాల వెడల్పు. తీరా చూస్తే అది ల్యాప్‌టాప్ కాదు. పాఠాలు దాచుకునే డబ్బా. తెర లేదు, కీబోర్డు లేదు. ధర కూడా పది డాలర్లు కాదు. నిజానికి విద్యార్థులకి పాఠాలు చేర్చే డబ్బా పనికిమాలిన ఆలోచనేం కాదు. ‘ల్యాప్‌టాప్’ అన్న పేరూ ‘పది’ అన్న అంకే ముందు వచ్చేయబట్టి, వెనక వచ్చిన వస్తువు నవ్వులపాలైంది.

ఏడాదిన్నర తిరక్కుండానే, 2010 జూలైలో, సిబల్ ఢిల్లీలో ముప్ఫై అయిదు డాలర్ల ట్యాబ్లెట్ నమూనా చూపించాడు. ఐప్యాడ్ బజార్లోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. మనం వద్దన్న నెగ్రొపాంటీయే, మా సంస్థ నేర్చుకున్న సాంకేతికత అంతా తీసుకోండని భారత ప్రభుత్వానికి బహిరంగంగా రాశాడు. ఇలా 2011 దసరా నాటికి ఆకాశ్ చేతికొచ్చేసరికి, అది ముప్ఫై అయిదు కాకుండా యాభై అయిందన్నదే మొదటి ఫిర్యాదు. వస్తువుకి ధర ఉంటుంది గానీ, ఇక్కడ ధరకే ఒక వస్తువు తగిలించినట్టయింది.

అంతకు పదేళ్ళ ముందు బెంగుళూరులో ఇంకో ప్రయత్నం జరిగింది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు స్వామి మనోహర్, విజయ్ చంద్రు, వి. వినయ్, రమేశ్ హరిహరన్‌లు, ఎన్‌కోర్ కంపెనీవాళ్ళు కలిసి చేసిన సింప్యూటర్. వాళ్ళు ధర గురించి ఆలోచించకపోలేదు. కానీ దానికంటే ముందు, చదవడం రాని మనిషి కంప్యూటరుతో ఏం చేస్తాడు అని ఆలోచించారు. అందుకే అది మన భాషల్లో రాసింది పైకి చదివి వినిపించేలా చేశారు. ఒక్కటే ఊరంతా వాడుకునేట్టు, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్ళు పెట్టుకుని ఎవరి పని వాళ్ళు చూసుకునేట్టు రూపొందించారు. 2001లో వచ్చిన కంప్యూటరు ఆవిష్కరణల్లో ఇదే ముఖ్యమైనదని న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో బ్రూస్ స్టెర్లింగ్ రాశాడు. అయితే అది బజార్లోకి వచ్చేసరికి 2004 అయింది. అన్నిటికంటే తక్కువ రకానికే పదివేలకు యాభై తక్కువ. అప్పటికి జనం చూపు సెల్‌ఫోన్ల మీద పడింది. కొన్ని వేలు మాత్రం అమ్ముడుపోయి ఆగిపోయింది.

సింప్యూటర్ మొదట అడిగిన ప్రశ్నను ఆకాశ్ మీద అడిగినవాళ్ళు, నేను చదివిన స్పందనల్లో, బహు తక్కువ. నేనైతే అడగనే లేదు. అడిగింది మా నాన్న.

నిజానికి ఆ ప్రశ్నకి జవాబు అప్పటికే నా జేబులో ఉంది. అంతకు ముందు ఏడాది కొన్న ఆండ్రాయిడ్ ఫోను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అందులో ఏ తెలుగు పేజీ తెరిచినా అక్షరానికొకటి చొప్పున ఖాళీ డబ్బాలు వరసగా నిలబడేవి. తెలుగులో చదివే అలవాటున్న వాళ్ళందరికీ అప్పట్లో ఒకటే చిట్కా. ఒపెరా మినీ దించుకుని, అడ్రసు దగ్గర ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, చిట్టచివర సంక్లిష్ట లిపులకు బొమ్మ అక్షరాలు వాడమని మార్చుకోవడం. అప్పుడు అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. చదువుకోవచ్చు, అంతే. రాయడం కుదరదు.

ఆకాశ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ 2.2కి తనంతట తాను తెలుగు తెలియదు. తెలుగు, కన్నడ, మలయాళం అక్షరాలు ఆండ్రాయిడ్‌లో చేరింది 2012 వేసవిలో వచ్చిన 4.1తో. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్ 2 అన్ని విధాలా మెరుగు. వేలు తగిలితే పలికే తెర, రెట్టింపు ర్యామ్, గిగాహెర్ట్జ్ ప్రాసెసర్. కానీ అందులో ఉన్నది 4.0. ఒక్క మెట్టు కింద! తిరుపతిలో మొదలుపెట్టి, హైదరాబాదులో బిగించి, చివరికి తెలుగు రాని పలక తయారుచేశాం.

ఆకాశ్ అఆలు దిద్దే పిల్లలకోసం కాదు గదా, కాలేజీ విద్యార్థులకోసం గదా అని మళ్ళీ ఎవరైనా అనొచ్చు. ఆ రోజు మా నాన్నతో నేనన్నదీ అదే. అయితే పదకొండు వందలకు ట్యాబ్లెట్ దొరికితే తప్ప కొనలేని కాలేజీ విద్యార్థి ఎవరు? మా జిల్లాలో అయితే తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్లెక్కిన పిల్లో పిల్లాడో. డిజిటల్ లోకానికి దూరమైపోయినవాళ్ళు అని విడుదలనాటి ప్రసంగాల్లో చెప్పింది వాళ్ళ గురించే. వాళ్ళకి కావలసింది ఎక్కువ మెగాహెర్ట్జ్‌లు కావు.

ఇంకో సంగతి. ఆకాశ్ మొదటి రకం తెరను మేమంతా తెగ వెక్కిరించాం. అది ఒత్తిడి తెర. పైన ఒక పొర, కింద ఒక పొర ఉంటాయి. గట్టిగా నొక్కితే రెండూ తగిలి, ఎక్కడ నొక్కామో తెలుస్తుంది. వేలితో జరపబోతే మొరాయిస్తుంది గానీ, గోటితోనో పుల్లతోనో రాస్తే నయం. అంటే బలపంతో రాసినట్టు! అక్షరాలు దిద్దుకోడానికి ఆ వెక్కిరించిన తెరే అనువైనదని నాకు చాలా ఏళ్ళ తరవాత గాని తట్టలేదు. తెర కుదిరింది, అక్షరాలే లేవు.

తరవాత కథ త్వరగా అయిపోయింది. బజారు రకానికి రెండు వారాల్లో పద్నాలుగు లక్షల బుకింగులు వచ్చాయని కంపెనీ 2012 మొదట్లో చెప్పుకుంది. పరీక్షలు ఎంత కఠినంగా ఉండాలన్న దాని మీద కంపెనీకీ ఐఐటీ రాజస్థాన్‌కీ పేచీ వచ్చి, పని ఐఐటీ బొంబాయికి మారింది. ఐఐటీ రాజస్థాన్‌ని ఎంచుకున్న పద్ధతిని కాగ్ తప్పుపట్టింది. ఈలోగా చవక ఫోన్లు ముంచెత్తాయి. 2016లో జియో వచ్చాక డేటా కూడా చవకైంది. ప్రభుత్వం ఇస్తానన్న పలకకోసం ఎదురుచూసేవాళ్ళు మిగల్లేదు. ఫోన్లలో తెలుగు కూడా వచ్చింది. ఏ పథకమూ తేలేదు దాన్ని. ఫాంట్లు చేసినవాళ్ళు, కీబోర్డులు చేసినవాళ్ళు, డబ్బాలు కనిపిస్తున్నా విసుక్కోకుండా తెలుగులోనే రాస్తూ పోయినవాళ్ళు తెచ్చారు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. ఆ రోజుల్లో టీవీ పెడితే మళ్ళీ అవే మాటలు. ఒక్కోటి ఎంతకి కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, బజార్లో ఎంత, ఓట్లకోసమా కాదా అని. అడగాల్సిన ప్రశ్నలే, కాదనను. కానీ అందులో ఏ పాఠముంది, పిల్లకి అర్థమయ్యే భాషలో ఉందా, అది చూసి పిల్ల ఏం చేయగలుగుతోంది అని అడిగినవాళ్ళు మళ్ళీ తక్కువే. మా నాన్న అప్పటికి లేడు. ఉంటే అదే అడిగేవాడు.

ఆ దసరా రోజు దిద్దిన పలక ఇంకా మా అన్నయ్య వాళ్ళింట్లో అటక మీద ఉంది. చెక్క చట్రం ఒక మూల ఊడింది. మా అన్నయ్య కూతురు ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. పాఠాలన్నీ ఫోన్లోనే. మొన్న వెళ్ళినప్పుడు తనకి ఈ ఆకాశ్ కథంతా చెప్పాను. అంతా విని, “అయితే తాతయ్య అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదన్నమాట బాబాయ్,” అంది.

లేదు. అందుకే ఇదంతా రాశాను.