ఐరిస్ పెంపకం

ఐరిస్ ఇరిడేసి కుటుంబానికి చెందిన బహువార్షిక పూలమొక్కల ప్రజాతి. ఇందులో సుమారు 260 నుండి 300 జాతులు ఉన్నాయి. ఇవి ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ ప్రాంతాలలో పెరుగుతాయి. గ్రీకు పురాణాలలో ఇంద్రధనుస్సుకు అధిదేవత అయిన ఐరిస్ పేరే ఈ మొక్కకు పెట్టబడినది. ఇంటి తోటలలో విరివిగా పెంచేది గడ్డపు ఐరిస్. ఈ వ్యాసంలో ప్రధానంగా దాని పెంపకం వివరించబడినది. ఇది మొండి మొక్క. నిర్లక్ష్యాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది గాని, అతి సంరక్షణను ఓర్చుకోలేదు. లోతుగా నాటడం, ఎక్కువ నీరు పోయడం, ఎక్కువ ఎరువు వేయడం దీనికి హానికరం.

మొక్క స్వరూపం

నేల ఉపరితలం వద్ద అడ్డంగా పెరిగే లావైన కాండాన్ని కొమ్ము అంటారు. అల్లం, పసుపు మొక్కలకు ఉన్నటువంటిదే ఇది కూడా. దీని నుండి కత్తుల వంటి ఆకులు విసనకర్ర ఆకారంలో వస్తాయి. పువ్వులో ఆరు పరిపత్రాలు ఉంటాయి. వాటిలో మూడు నిటారుగా నిలుస్తాయి, మూడు క్రిందికి వాలుతాయి. వాలిన వాటి మీద మెత్తని కేశాల వరుస ఉండటం వలన గడ్డపు ఐరిస్ అనే పేరు వచ్చినది. కేసరాలు మూడు. ఒక కొమ్ము ఒక్కసారి మాత్రమే పూస్తుంది. తరువాతి పూలు దాని ప్రక్కన పుట్టిన పిల్ల కొమ్ముల నుండి వస్తాయి.

వాతావరణం

గడ్డపు ఐరిస్ బాగా పూయడానికి చల్లని శీతాకాలం అవసరం. భారతదేశంలో దీనికి అనువైన ప్రదేశాలు హిమాలయ ప్రాంతాలు. కాశ్మీరులో సమాధుల మీద ఐరిస్ మొక్కలు నాటే ఆచారం ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ మైదానాలలో చలి చాలదు. పైగా వానాకాలపు తేమకు కొమ్ములు కుళ్ళిపోతాయి. ఇటువంటి వేడి ప్రాంతాలలో బెలంకాండను పెంచవచ్చును. ఎర్రని చుక్కలు గల నారింజ రంగు పూలు పూచే ఈ మొక్కను 2005లో ఐరిస్ ప్రజాతిలో చేర్చి, ఐరిస్ డొమెస్టికా అని పేరు పెట్టారు. దీనిని విత్తనాల ద్వారా పెంచవచ్చును.

నాటే విధానం

ఉత్తరార్ధగోళంలోని చల్లని ప్రాంతాలలో జూలై నుండి సెప్టెంబరు వరకు నాటడానికి తగిన కాలం. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే, నీరు నిలవని చోటును ఎన్నుకొనవలెను. బంకమట్టి నేల అయితే మట్టిని ఎత్తుగా పోసి మడి కట్టవలెను.

పసుపు కొమ్మును మట్టితో కప్పి నాటడం మనకు అలవాటు. ఐరిస్ విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. గుంట మధ్యలో మట్టిని చిన్న దిబ్బగా చేసి, దాని మీద కొమ్మును ఉంచి, వేళ్ళను ఇరువైపులా క్రిందికి పరచి మట్టి కప్పవలెను. కొమ్ము పైభాగం మాత్రం ఎండకు కనబడుతూ ఉండవలెను. ఎండ తీవ్రంగా ఉండే చోట పలుచగా మట్టి కప్పవచ్చును. మొక్కకూ మొక్కకూ మధ్య 30 నుండి 60 సెంటీమీటర్ల దూరం ఉంచవలెను.

సంరక్షణ

నాటిన వెంటనే నీరు పోసి, వేళ్ళు పట్టే వరకు అప్పుడప్పుడు తడపవలెను. ఆ తరువాత పైమట్టి ఆరిన పిదపనే నీరు పెట్టవలెను. నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు వేస్తే ఆకులు ఏపుగా పెరుగుతాయి, పూలు తగ్గుతాయి, కొమ్ము మెత్తబడి కుళ్ళుకు లోనవుతుంది. కొమ్ముల మీద ఎండుగడ్డి, ఆకులు కప్పరాదు. పూలు వాడిన కాడలను మొదలు వరకు కోసివేయవలెను. పచ్చని ఆకులను కోయరాదు, మరుసటి ఏటి పూలకు ఆహారం వాటి నుండే సమకూరుతుంది.

గుంపు విడదీయుట

మూడు నాలుగు సంవత్సరాలకు కొమ్ములు ఒకదానినొకటి ఒత్తుకొని పూలు తగ్గిపోతాయి. పూత ముగిసిన తరువాత గుంపును త్రవ్వి తీసి, మధ్యనున్న ముసలి కొమ్ములను పారవేయవలెను. ఒక ఆకుల గుత్తి, ఆరోగ్యమైన వేళ్ళు ఉన్న పిల్ల కొమ్ములను వేరు చేసి, ఆకులను 15 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించి తిరిగి నాటవలెను.

తెగుళ్ళు

* మెత్తకుళ్ళు: ఇది బాక్టీరియా వలన వస్తుంది. కొమ్ము మెత్తబడి దుర్వాసన వస్తుంది. కుళ్ళిన భాగాన్ని గట్టి కండ కనబడే వరకు కోసివేసి, కొమ్మును కొన్ని రోజులు ఆరబెట్టి, వేరొక చోట నాటవలెను. వాడిన కత్తిని శుభ్రపరచవలెను.
* ఆకుమచ్చ: ఇది శిలీంధ్రం వలన వస్తుంది. మచ్చలు పడిన ఆకులను ఏరివేయవలెను.
* కొమ్ము తొలిచే పురుగు: ఇది ఉత్తర అమెరికాలో కనిపిస్తుంది. గుడ్లు ఎండుటాకుల మీద శీతాకాలం గడుపుతాయి కనుక, శరదృతువు చివర ఆ ఆకులను తొలగించవలెను.

ఉపయోగాలు, జాగ్రత్తలు

ఐరిస్ పల్లిడా వంటి జాతుల కొమ్ములను కొన్ని సంవత్సరాలు ఆరబెట్టగా సువాసన ఏర్పడుతుంది. దీనిని పరిమళ ద్రవ్యాలలో వాడతారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ ఇందుకు ప్రసిద్ధి. పచ్చి కొమ్ము తింటే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. దాని రసం కొందరి చర్మానికి దురద కలిగిస్తుంది. అందువలన పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా చూడవలెను.

విశేషాలు

* డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1889లో ఫ్రాన్సులోని సెయింట్ రెమీ వైద్యాలయంలో చికిత్స పొందుతూ, అక్కడి తోటలోని ఐరిస్ పూలను చిత్రించాడు.
* అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం 1933లో ఐరిస్‌ను రాష్ట్ర పుష్పంగా స్వీకరించినది.