నిషేధించిన పురుగుమందులు తల్లుల రక్తంలో ఇంకా ఎందుకున్నాయి? మహిళల పునరుత్పత్తి ఆరోగ్యంపై రసాయనాల ప్రభావం గురించి తెలిసిందేంటి?

తూర్పు ఢిల్లీ దిల్షాద్ గార్డెన్‌లోని గురు తేగ్ బహదూర్ ఆసుపత్రికి ఢిల్లీ నుంచే కాదు, పక్కనున్న ఘజియాబాద్ నుంచీ గర్భిణులు వస్తారు. అదే ప్రాంగణంలో యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ ఉంది. ఆ కాలేజీ బయోకెమిస్ట్రీ విభాగంలో బి.డి. బెనర్జీ బృందం ఏళ్ల తరబడి పరిశీలించిన విషయం ఒకటుంది. నెలలు నిండకుండా ప్రసవించే తల్లుల రక్తంలో పురుగుమందుల అవశేషాలు ఎంత ఉన్నాయన్నదే అది.

ఈ బృందం 2008, 2009లలో ప్రచురించిన పరిశోధనల్లో తల్లి రక్తంలోనూ, బొడ్డుతాడు రక్తంలోనూ హెచ్‌సీహెచ్, ఎండోసల్ఫాన్, డీడీటీ అవశేషాలు కనిపించాయి. బొడ్డుతాడులో ఉన్నాయంటే బిడ్డకూ చేరినట్టే. నెలలు నిండకుండా ప్రసవించిన వారిలో బీటా-హెచ్‌సీహెచ్ అనే రకం ఎక్కువగా ఉంది.

హెచ్‌సీహెచ్ అంటే తెలుగు రైతులకు బీహెచ్‌సీ పొడిగా, గమాక్సిన్‌గా తెలిసిన మందే. మన దేశంలో దాన్ని 1997లో నిషేధించారు. డీడీటీని పొలాల్లో చల్లడంపై 1989లోనే నిషేధం వచ్చింది, దోమల నియంత్రణకు మాత్రం అనుమతి కొనసాగింది. అంటే నిషేధం వచ్చి పదేళ్లు దాటాక కూడా ఆ మందు తల్లుల శరీరంలో ఉంది. ఇవి నీటిలో కాక కొవ్వులో కరుగుతాయి. మట్టి నుంచి పశువుల మేతకు, మేత నుంచి పాలకు, పాల నుంచి మనిషికి చేరి, శరీరంలోని కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి.

హార్మోన్లను ఏమార్చే రసాయనాలు

హార్మోన్లు రక్తంలో అతి తక్కువ మోతాదులో తిరుగుతూ కణాలకు సంకేతాలిస్తాయి. కొన్ని రసాయనాలు ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్‌లా నటిస్తాయి, లేదా అసలు హార్మోన్‌ను అడ్డుకుంటాయి. వీటికి ‘ఎండోక్రైన్ డిస్రప్టర్లు’ అన్న పేరు 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బోర్న్ చొరవతో జరిగిన శాస్త్రవేత్తల సమావేశం నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. డీడీటీ, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, గట్టి ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్-ఎ, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలోని పీసీబీలు ఈ కోవలోవే.

దీనికి పాఠంగా నిలిచింది ఓ మందు. గర్భస్రావాన్ని ఆపుతుందని 1940ల నుంచి అమెరికాలో గర్భిణులకు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చేవారు. 1971లో బోస్టన్ వైద్యుడు ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు అరుదైన యోని క్యాన్సర్ వచ్చిన 8 మంది యువతులను పరిశీలించారు. వారిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఆ మందు తీసుకున్నారు. మందు వేసుకున్నది తల్లులు, జబ్బు వచ్చింది కూతుళ్లకు.

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ఆడపిల్ల అండాశయాల్లోని అండాలు ఆమె పుట్టకముందే తయారవుతాయి. గర్భంలో ఐదో నెలకు దాదాపు 60-70 లక్షలుండే అండాలు, పుట్టేనాటికి 10-20 లక్షలకు తగ్గుతాయి. తర్వాత కొత్తవి చేరవు. కాబట్టి ఒక గర్భిణికి తగిలిన రసాయనం ఆమెను, కడుపులోని కూతురిని, ఆ కూతురి అండాల ద్వారా మనవరాలిని కూడా తాకే అవకాశం ఉంది.

హైదరాబాద్‌లో తేలిందేంటి?

తెలుగు రాష్ట్రాల్లో ఈ అంశంపై ప్రధానమైన పని హైదరాబాద్‌లో డాక్టర్ రోయా రోజాటి బృందానిది. గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బు ఎండోమెట్రియోసిస్. తీవ్రమైన నొప్పికి, సంతానలేమికి ఇదొక కారణం. ఈ జబ్బుతో పాటు సంతానలేమి ఉన్న 49 మంది మహిళల రక్తాన్ని, జబ్బు లేని రెండు బృందాల రక్తంతో పోల్చి 2006లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు ఉన్నవారిలో థాలేట్లు ఎక్కువగా కనిపించాయి. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో పీసీబీలు కూడా ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

కారణమని చెప్పొచ్చా?

ఇప్పుడే చెప్పలేం. పీహెచ్‌డీ స్థాయి పరిశోధన అంటే సాధారణంగా ఒక ఆసుపత్రి, కొన్ని పదుల నుంచి కొన్ని వందల నమూనాలు, నాలుగైదేళ్ల సమయం. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, వయసు, బరువు సరిపోల్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో రక్తంలోని అవశేషాలను కొలుస్తారు. ఇందులో మూడు ఇబ్బందులున్నాయి.

ఒకటి, రక్తం తీసేది జబ్బు బయటపడ్డాక లేదా ప్రసవ సమయంలో. ఎండోమెట్రియోసిస్ అంతకు ఏళ్ల ముందే మొదలై ఉండొచ్చు.

రెండు, డీడీటీ లాంటివి శరీరంలో ఏళ్లు ఉంటాయి గానీ థాలేట్లు, బిస్ఫినాల్-ఎ ఒకట్రెండు రోజుల్లోనే చాలావరకు మూత్రంలో పోతాయి. ఒక్కరోజు నమూనా ఆ రోజు సంగతే చెబుతుంది.

మూడు, థాలేట్లు ప్లాస్టిక్ ట్యూబుల్లో, సిరంజిల్లో కూడా ఉంటాయి. జాగ్రత్త తీసుకోకపోతే ల్యాబ్ ప్లాస్టిక్‌నే రోగి రక్తంలో ఉన్నట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది.

అలాగని ఈ అధ్యయనాలు వృథా కావు. ఎక్కడ వెతకాలో చెప్పేవి ఇవే. తర్వాతి మెట్టు, గర్భం తొలి దశ నుంచే వేలమందిని అనుసరించడం. అందుకు తగిన ఏర్పాటు ఎన్‌సీఆర్‌లోనే ఉంది. ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ నేతృత్వంలో 2015 మే నుంచి గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో ‘గర్భ్-ఇని’ అధ్యయనం నడుస్తోంది. 20 వారాలలోపు గర్భంతో వచ్చిన మహిళలను చేర్చుకుని ప్రసవం దాకా పలుమార్లు నమూనాలు సేకరిస్తారు. దీని లక్ష్యం నెలలు నిండని కాన్పుల కారణాలు తేల్చడం. రసాయనాల ప్రశ్నకూ నమ్మదగిన జవాబు ఇలా ముందుగా దాచిన నమూనాల నుంచే రావాలి.

గాలి సంగతేంటి?

ఢిల్లీలో ఈ చర్చ గాలి దగ్గరికి రాక తప్పదు. దక్షిణాసియాపై 2021 జనవరిలో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం, పీఎం 2.5 భారత ప్రమాణమైన 40 మైక్రోగ్రాములను మించడం వల్ల ఏటా సుమారు 3.5 లక్షల గర్భాలు నిలవడం లేదని అంచనా వేసింది. ఇది గణిత నమూనాతో వేసిన లెక్క. కానీ డబ్ల్యూహెచ్‌వో సూచించే పరిమితి 5 మైక్రోగ్రాములేనని గుర్తుంచుకోవాలి.

నిబంధనలు ఎక్కడున్నాయి?

పాలసీసాల్లో పాలికార్బొనేట్ వాడకూడదని బీఐఎస్ 2015 ప్రమాణంలో చెప్పింది. బొమ్మలకు 2021 జనవరి నుంచి బీఐఎస్ ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. కానీ మహిళలు నెలనెలా వాడే వస్తువులపై ఇంత శ్రద్ధ కనిపించదు. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ 2022లో 10 శానిటరీ ప్యాడ్ ఉత్పత్తులను పరీక్షించి, అన్నింటిలోనూ థాలేట్లు ఉన్నట్టు వెల్లడించింది. అటు యూరప్‌లో ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్ఫినాల్-ఎ సురక్షిత పరిమితిని ఏకంగా 20 వేల రెట్లు తగ్గించింది. ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాని వాడకంపై 2024 చివర్లో ఈయూ నిషేధం ఆమోదించింది.

ఇంట్లో ఏం చేయొచ్చు?

వేడి కూర, టీ ప్లాస్టిక్‌లో పోయకపోవడం, మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టకపోవడం, కూరగాయలు బాగా కడగడం, పురుగుమందు కొట్టే చోటికి గర్భిణులు వెళ్లకపోవడం మంచిది. తల్లిపాలలో అవశేషాలుంటాయన్న భయంతో పాలివ్వడం మానకూడదు. తల్లిపాల మేలే ఎక్కువన్నది వైద్యుల మాట.

అయితే 1997లో నిషేధించిన మందు 2000ల్లో ప్రసవించిన తల్లి రక్తంలో కనిపించిందంటే, అది ఆమె వంటింట్లో చేసిన పొరపాటు కాదు. ఆ మందును చల్లడానికి అనుమతించిన రోజుల ఫలితం. ఇవాళ మార్కెట్లోకి అనుమతిస్తున్న రసాయనాల లెక్క కూడా రేపటి కూతుళ్ల రక్తంలోనే తేలుతుంది.